యాభై పౌన్లు, పద్దెనిమిది రోజులు

2025 జనవరి 31, శుక్రవారం. స్విట్జర్లాండ్‌లోని న్యోన్‌లో ఛాంపియన్స్ లీగ్ డ్రా తీశారు. మా జట్టు సెల్టిక్‌కి బయర్న్ మ్యూనిక్ పడింది. మొదటి మ్యాచ్ ఫిబ్రవరి 12న ఇక్కడ గ్లాస్గోలో, రెండోది 18న మ్యూనిక్‌లో. ఆఫీసులో టీ కలుపుకుని డెస్క్ దగ్గరికి వచ్చేలోపు మా వాట్సాప్ గ్రూపులో ముగ్గురు విమానం టికెట్లు కొనేశారు. ఇంకొకడు ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్‌కి ఎగిరి, అక్కణ్ణించి రైల్లో మ్యూనిక్ చేరడం చవకని తేల్చాడు. ఇద్దరు హోటల్ గది గురించి పోట్లాడుకుంటున్నారు. ఒకరికి గురక.

నేనూ లెక్కలు వేస్తున్నాను. నాది వేరే లెక్క. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 18కి పద్దెనిమిది రోజులు. నా పాస్‌పోర్టు ఇండియాది. జర్మనీ వెళ్లాలంటే షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలని దాని నియమం. అంటే మ్యాచ్ రోజు పొద్దున్నే ఎక్కినా సరే, ఆఖరి గడువు సోమవారం, ఫిబ్రవరి 3. మధ్యలో శనాదివారాలు. తొంభై యూరోల ఫీజు, ముప్ఫై వేల యూరోల దాకా వర్తించే ఆరోగ్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు లెటరు, రానూపోనూ టికెట్ల కాగితాలు, బస ఎక్కడో చెప్పే కాగితం. ఇవన్నీ ఓ సాయంత్రంలో పోగేయగలను. ఆరేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నవాళ్లకి అదో విద్య, వద్దన్నా వచ్చేస్తుంది. కానీ వేలిముద్రలివ్వడానికి అపాయింట్‌మెంట్ కావాలి కదా. పేజీ తెరిస్తే మొదటి ఖాళీ మార్చిలో కనిపించింది. నాలుగుసార్లు రిఫ్రెష్ కొట్టాను. మార్చి మార్చిలాగే ఉంది.

‘మా జట్టు’ అన్నందుకు మీకు నవ్వొస్తే రానివ్వండి. కాకినాడలో పెరిగి, ఉద్యోగం కోసం ఈ చలి ఊరికి వచ్చి, మొదటి శీతాకాలం ఎవరో లాక్కెళితే స్టేడియంకి వెళ్లి, మళ్లీ వెనక్కి రాలేదు. అంతే కథ. అయినా ఈ క్లబ్బు పుట్టిందే పరాయి ఊరొచ్చినవాళ్ల కోసం. 1887లో ఐర్లండ్ నుంచి వలసొచ్చిన కూలీల పిల్లలకి ఒక పూట అన్నం పెట్టడానికి డబ్బు పోగేయాలని, బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ సన్యాసి, స్కూలు మాస్టారు, గ్లాస్గో తూర్పు వైపున ఓ చర్చి హాల్లో మొదలుపెట్టించిన క్లబ్బు ఇది. 1936లో కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మొహమ్మద్ సలీం ఓడెక్కి వచ్చి, ఇదే క్లబ్బు రెండో జట్టుకి బూట్లు లేకుండా, పాదాలకి కట్లు కట్టుకుని రెండు మ్యాచ్‌లు ఆడాడు. యూరప్ క్లబ్బుకి ఆడిన మొదటి భారతీయుడు ఆయనే అంటారు. ఇంటి మీద బెంగతో వెనక్కి వెళ్లిపోయాడు. సలీం వచ్చింది బ్రిటిష్ ఇండియా మనిషిగా. తనని పాలించే దేశానికి రావడానికి వీసా అన్న మాటే లేదు. బానిస దేశపు మనిషి దర్జాగా వచ్చి ఆడి వెళ్లిన ఊళ్లో, స్వతంత్ర దేశపు మనిషిని నేను క్యాలెండర్ ముందు కూర్చుని ఉన్నాను. దీన్నించి ఏదో నీతి లాగాలని లేదు గానీ, ఆ శుక్రవారం ఇది నన్ను బాగా గుచ్చుకుంది.

స్టేడియంలో నా పక్క సీటు పెద్దాయన ఒకరున్నారు. డెబ్భై ఏడేళ్లు. మా సపోర్టర్స్ బస్సుకి వచ్చే టికెట్లలో ఆయన వంతుది నాకిస్తానన్నారు, మోకాళ్లు ఒప్పుకోవట్లేదని. సాయంత్రం ఫోన్ చేసి ఇదీ సంగతి, టికెట్ ఇంకెవరికైనా ఇచ్చేయండి అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పద్దెనిమిది రోజులు సరిపోవా? మాకు లిస్బన్‌కి ముప్ఫై రోజులు దొరికాయిలే” అన్నారు.

లిస్బన్. గ్లాస్గోలో సగం మందికి ఆ ఒక్క మాట చాలు. మిగతా సగం రేంజర్స్ వాళ్లు కాబట్టి మొహం తిప్పుకుంటారు. 1967 మే 25న సెల్టిక్ యూరోపియన్ కప్పు గెలిచింది అక్కడే. ఆ మ్యాచ్ గురించి పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, గోడల మీద బొమ్మలున్నాయి. అవన్నీ మైదానంలో జరిగినదాని గురించి. మైదానం దాకా జనం ఎలా వెళ్లారన్నది మాత్రం వాటిలో నవ్వించే పిట్టకథలుగా మిగిలిపోయింది. ఆ వారమంతా నేను వాటినే చదువుతూ కూర్చున్నాను. వీసా రాని మనిషికి రాత్రిపూట ఇంకేం పనుంటుంది?

ఏప్రిల్ 12న గ్లాస్గోలో డుక్లా ప్రాగ్‌ని 3-1తో కొట్టారు. ఏప్రిల్ 25న ప్రాగ్‌లో గోడ కట్టినట్టు ఆడి 0-0తో బయటపడ్డారు. ఫైనల్ సరిగ్గా నెల తర్వాత. మా పెద్దాయనకి అప్పుడు పందొమ్మిదేళ్లు. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో అప్రెంటిస్. అంతకు ముందు ఆయన చూసిన విదేశం ఏదీ లేదు, బ్లాక్‌పూల్‌ని విదేశంగా లెక్కేస్తే తప్ప. ఈ ఊరి కార్మికులకి సెలవులంటే జూలైలో వచ్చే గ్లాస్గో ఫెయిర్ పక్షం రోజులు. మే నెలలో వారం రోజులు సెలవు అడిగితే ఫోర్‌మన్ కారణం అడగలేదట. యార్డులో అప్పటికే పదిమంది నాయనమ్మలు చనిపోయారని ఆయనకి కబురొచ్చింది.

పాస్‌పోర్టు? అది సులువే. 1961 నుంచి బ్రిటన్‌లో ‘విజిటర్స్ పాస్‌పోర్ట్’ అని ఒకటి ఉండేది. ఒక్క ఏడాదికి చెల్లే మడత అట్ట. పశ్చిమ యూరప్ దేశాలకి సెలవు మీద పోయి రావడానికి. దాన్ని ఇచ్చేది ఏ పెద్ద కార్యాలయమో కాదు, పని లేనివాళ్లు వరసలో నిలబడే లేబర్ ఎక్స్చేంజి. రెండు ఫొటోలు, ఏదో ఒక గుర్తింపు కాగితం పట్టుకెళితే చేతికిచ్చేవారు. పెద్దాయన అట్ట ఇంకా దాచుకున్నారు. ఫొటోలో చెవులు మాత్రమే ఇప్పటివి.

అసలు చిక్కు డబ్బుది. ఇది చదివినప్పుడు నేను నిజంగా ఆగిపోయాను. పౌను విలువ పడిపోకుండా కాపాడుకోవాలని 1966 జూలైలో ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం ఓ నిబంధన పెట్టింది. స్టెర్లింగ్ చెల్లని దేశాలకి వెళ్లేవాళ్లు ఏడాది మొత్తానికి మనిషికి యాభై పౌన్ల విదేశీ డబ్బు మాత్రమే తీసుకోవచ్చు. ఆపైన బ్రిటిష్ నోట్లు పదిహేను పౌన్లు. ఎంత మార్చుకున్నదీ బ్యాంకువాళ్లు పాస్‌పోర్టు వెనక రాసి ముద్ర కొట్టేవారు. 1966 నవంబరు నుంచి 1970 మొదటి దాకా ఇది నడిచింది. అంటే సెల్టిక్ సపోర్టరు లిస్బన్‌లో మంచం, తిండి, బీరు అన్నీ ఆ యాభైలో సర్దుకోవాలి. దారిలో ఫ్రాన్స్‌లో ఫ్రాంకులు, స్పెయిన్‌లో పెసెటాలు, పోర్చుగల్‌లో ఎస్కుడోలు. ఇంతా చేసి పౌను నిలబడలేదు, అదే ఏడాది నవంబరులో విలువ తగ్గించక తప్పలేదు.

ఇదంతా చదివి ఎంతో సానుభూతితో పెద్దాయన్ని అడిగాను, యాభై పౌన్లతో ఎలా నెట్టుకొచ్చారని. ఆయన చాలాసేపు నవ్వారు. “యాభయ్యా! నా దగ్గర ఇరవై రెండు ఉన్నాయి. అందులో ఆరు మా అక్కవి.” ఆ నిబంధన రివియేరాలో కాపురం పెట్టేవాళ్లని ఏడిపించింది గానీ యార్డు అప్రెంటిస్‌కి దాని గీత దాకా వెళ్లే యోగమే లేదు. పుస్తకాల్లో చదివి జాలిపడేవాళ్లకి ఇలాంటి దెబ్బలు తగులుతూనే ఉంటాయి.

మన వైపు ఇంతకన్నా ఘోరం. మూడు పౌన్లు జేబులో పెట్టుకుని లండన్‌లో దిగాం అని చెప్పే తాతయ్యలు మన ఇళ్లలో కొందరికి ఉన్నారు. అది వాళ్ల వినయం కాదు, ఇండియా విదేశీ మారక నిబంధన. 1966 జూన్‌లో మన రూపాయి విలువ కూడా తగ్గించారు, డాలరుకి 4.76 నుంచి 7.50కి. బయటికెళ్లాలంటే రిజర్వు బ్యాంకు దగ్గర ‘పి’ ఫారం క్లియర్ కావాలి. రెండు దేశాలూ ఒకే జబ్బుతో మంచాన పడ్డాయి. కాకపోతే ఒకరి పథ్యం యాభై, ఇంకొకరిది మూడు.

సరే, లిస్బన్ దారి. విమానాలు, రైళ్లు, బస్సులు, ఇవి కాక కార్లు. కార్ల వరసకి ‘సెల్టికేడ్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మా పెద్దాయన వెళ్లింది హిల్మన్ ఇంప్‌లో. గ్లాస్గో పక్కనే లిన్‌వుడ్‌లో 1963 నుంచి తయారైన బుల్లి కారు అది, ఇంజను వెనక ఉంటుంది. నలుగురు కుర్రాళ్లు, ఇద్దరికే లైసెన్సు. గ్లాస్గో నుంచి డోవర్, ఓడ మీద కలే, అక్కణ్ణించి ఫ్రాన్స్ పొడుగునా కిందికి దిగి, ఇరూన్ దగ్గర స్పెయిన్‌లోకి, బుర్గోస్, సలమాంకా దాటి పోర్చుగల్‌లోకి. సుమారు పదిహేడు వందల మైళ్లు, చాలా దారి ఇప్పటి హైవేల్లాంటివి లేకుండా. స్టీరింగు కుడివైపున్న కారు, రోడ్డుకి కుడివైపు నడపాల్సిన దేశాలు. లారీని దాటాలంటే ఎడమవైపు కూర్చున్నవాడు తల బయటపెట్టి చూసి “పో” అని అరవాలి. ఆ పని మా పెద్దాయనది. ఇంజను వేడెక్కిన ప్రతిసారీ ఆపి, అందరూ దిగి గట్టు మీద కూర్చుని పాటలు. స్పెయిన్ సరిహద్దులో నల్ల వార్నిష్ టోపీల సివిల్ గార్డులు. అది ఫ్రాంకో స్పెయిన్, ఆపైన సలజార్ పోర్చుగల్. రెండూ నియంతల రాజ్యాలు. తన సొంత జనం నలుగురు ఒకచోట చేరి పాడితే పోలీసుల్ని పంపే సలజార్ ప్రభుత్వం, వేలమంది ఆకుపచ్చ తెలుపు చారల చొక్కాల వాళ్లని వీధుల్లో రాత్రంతా పాడుకోనిచ్చింది. ఎన్ని వేలంటే, పన్నెండని చాలామంది రాస్తారు. ఆ రోజు గురువారం, కాథలిక్కుల కార్పస్ క్రిస్టీ పండగ. పొద్దున్న చర్చిలో ప్రార్థన, సాయంత్రం అయిదున్నరకి మ్యాచ్. లిస్బన్ పెద్దమ్మలకి ఈ తాగుబోతు భక్తులు అర్థం కాలేదని పెద్దాయన చెబుతారు.

మ్యాచ్ గురించి రెండు మాటలు చాలు. ఎదురుగా ఇంటర్ మిలాన్, అప్పటికే రెండుసార్లు కప్పు గెలిచిన జట్టు. ఏడో నిమిషంలో మాజోలా పెనాల్టీ, ఇంటర్ 1-0, ఆపైన తలుపులన్నీ వేసేసుకున్నారు. 63వ నిమిషంలో టామీ గెమెల్ దూరం నుంచి కొట్టాడు. 84వ నిమిషంలో స్టీవ్ చామర్స్ కాలు అడ్డుపెట్టాడు. 2-1. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్బు. జట్టులో పదకొండు మందీ గ్లాస్గోకి ముప్ఫై మైళ్ల లోపు పుట్టినవాళ్లే. కట్టుడు పళ్లు పెట్టుకునే ఆటగాళ్లు వాటిని గోల్‌కీపర్ రోనీ సింప్సన్ టోపీలో దాచి గోల్ లోపల పెట్టారు. విజిల్ ఊదాక జనం మైదానంలోకి దూకితే, సింప్సన్ గుండెలదిరి ఆ టోపీ కోసం పరిగెత్తాడు. జనం ఎంతలా నిండిపోయారంటే, కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్ ఒక్కణ్ణే ఎలాగో తోసుకుంటూ రాతి వేదిక దాకా తీసుకెళ్లి కప్పు ఇప్పించారు. మిగతా పదిమంది డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండిపోయారు. గెలిచిన జట్టుకి మైదానం దక్కలేదు, వెంట వచ్చినవాళ్లకి దక్కింది.

తిరుగు ప్రయాణం గురించి గ్లాస్గోలో ఒక కథ చెప్పుకుంటారు. గెలిచిన మత్తులో ఒకాయన స్నేహితులతో కలిసి విమానంలో ఇంటికొచ్చి, తెల్లారి లేచాక, తను వెళ్లింది కారులోనని, కారు ఇంకా లిస్బన్ వీధిలోనే ఉందని గుర్తు తెచ్చుకున్నాడట. ఎవర్నడిగినా వాళ్ల వీధి మనిషే అంటారు. కథ నిజమో కాదో వదిలేయండి. అందులో నన్ను పట్టుకున్న సంగతి వేరు. ఆ మనిషికి కారు గుర్తులేదు, ప్రయాణం గుర్తులేదు, దాటిన మూడు సరిహద్దులూ గుర్తులేవు. సరిహద్దుని అలా మర్చిపోగలగడం ఎంత పెద్ద ఆస్తి! నేనైతే నా పాస్‌పోర్టు ఏ సొరుగులో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

అప్పటి గ్లాస్గోలో నాలాంటివాళ్లు లేకపోలేదు. ఈ ఊరి కార్పొరేషన్ బస్సుల్లో టికెట్లు కొట్టింది, బస్సులు నడిపింది చాలావరకు భారత, పాకిస్తానీ మనుషులే. పార్క్‌హెడ్ మైదానానికి శనివారాలు జనాన్ని మోసుకెళ్లిన బస్సులు కూడా అవే. వాళ్లలో ఇండియన్ పాస్‌పోర్టున్న ఓ కండక్టరుకి 1967 మేలో లిస్బన్ పోవాలనిపించిందే అనుకుందాం. అతని దగ్గర యాభై పౌన్లు కూడా ఉన్నాయనే అనుకుందాం. మొదట, అప్పటి ఇండియన్ పాస్‌పోర్టులో అది ఏయే దేశాలకి చెల్లుతుందో రాసి ఉండేది. రెండోది, గోవా. 1955లోనే పోర్చుగల్‌తో మన దౌత్య సంబంధాలు తెగిపోయాయి. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాలోకి వెళ్లింది. సలజార్ దాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. పోర్చుగల్‌లో నియంతృత్వం కూలాక, 1974 డిసెంబరు 31న సంతకాలైన ఒప్పందంతోనే మళ్లీ మాటలు కలిశాయి. అంటే మన కండక్టరు లిస్బన్ దారిలో మొదటి మైలు కూడా దాటడు. యార్డు కుర్రాడు ఇంప్ కారులో పాటలు పాడుకుంటూ పోయిన ఊరు అతనికి శత్రుదేశపు రాజధాని.

ఇంతకీ అదే వసంతకాలంలో ఢిల్లీలో ఇంకో సంగతి జరిగింది. సెల్టిక్ సెమీఫైనల్‌కి రెండు రోజుల ముందు, 1967 ఏప్రిల్ 10న, సుప్రీంకోర్టు ఓ తీర్పు చెప్పింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి, మోటారు విడిభాగాల ఎగుమతి దిగుమతుల మనిషి, ఆయన్ని పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చేయమని 1966లో ప్రభుత్వం అడిగింది. ఎందుకంటే ఆయన మీద ఏదో విచారణ నడుస్తోంది, దేశం వదిలి పోతాడని అనుమానం. ఏ చట్టం కింద అడిగారు? ఏ చట్టమూ లేదు. పాస్‌పోర్టు ఇవ్వాలో వద్దో చెప్పే శాసనమే అప్పటికి మన దేశంలో లేదు. అది ప్రభుత్వం దయ. పాస్‌పోర్టు రాజకీయ పత్రం, దాని మీద పౌరుడికి హక్కేమిటి అన్నది సర్కారు వాదన. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు కాదన్నారు. విదేశానికి వెళ్లడం కూడా 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమే, చట్టమే లేకుండా ఎవరికి ఇవ్వాలో ఎవరికి కూడదో అధికారి ఇష్టానికి వదిలేయడం కుదరదు అన్నారు.

ఆ ముగ్గురి తరఫున తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టిన మనిషి, అంటే పాత లెక్కలో మా జిల్లాయే. సుబ్బారావు పేరు చెప్పగానే లా చదివినవాళ్లు గోలక్‌నాథ్ కేసు అందుకుంటారు. అదీ ఆ ఫిబ్రవరిలోదే, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు ముట్టుకోకూడదన్న తీర్పు. దాని పక్కన ఈ పాస్‌పోర్టు కేసు చిన్నదిగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే ఎక్కువ ముద్దు. గోలక్‌నాథ్‌ని తర్వాత కేశవానంద భారతి పక్కకి నెట్టింది. ఇది మాత్రం నిలబడింది. మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవి వదిలేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. జడ్జి అలా కుర్చీ దిగి ఎన్నికల్లోకి దూకడం బాగోలేదని అప్పుడూ అన్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ దిగే ముందు ఆఖరి రోజుల్లో ఆయన సంతకం పెట్టిన కాగితం నా జేబులోని నీలం పుస్తకానికి పునాది. ఆ తీర్పు దెబ్బకి ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, ఆపైన జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. నా పాస్‌పోర్టు ఇప్పటికీ ఆ 1967 చట్టం కిందిదే. తమాషా ఏమిటంటే బ్రిటన్‌లో ఇప్పటికీ అలాంటి చట్టం లేదు. అక్కడ పాస్‌పోర్టు రాజుగారి విశేషాధికారం మీద ఇచ్చేది. కాగితం మీద చూస్తే మా పెద్దాయన కన్నా నేనే గట్టి హక్కుదారుణ్ణి.

కాగితం మీదే. ఎందుకంటే సుబ్బారావు తెరవగలిగింది ఒక తలుపే, బయటికి వెళ్లే తలుపు. అవతలి ఇంటి తలుపు మీద ఢిల్లీ కోర్టుకి అధికారమెక్కడిది? ఆయన ఈ తలుపు తీసేనాటికి అవతలివాళ్లు మూయడం మొదలుపెట్టి అయిదేళ్లయింది. 1962 కామన్వెల్త్ వలసల చట్టంతో బ్రిటన్, ఒకప్పుడు సలీం నడిచొచ్చిన దారికి ఉద్యోగ వోచర్ల గేటు పెట్టింది. 1968లో ఇంకో చట్టంతో ఆ సందు ఇంకా ఇరుకు చేసింది. 1967లో స్కాట్లండ్ కుర్రాడికీ భారతీయుడికీ ఇద్దరికీ అడ్డుపడింది సొంత ప్రభుత్వమే. ఒకరికి డబ్బు దగ్గర, ఇంకొకరికి పాస్‌పోర్టు దగ్గర. ఇవాళ నా ప్రభుత్వం నన్ను ఆపదు. డబ్బుకీ కొదవలేదు. పోయిరమ్మంటుంది. రమ్మనేవాళ్లు కావాలి.

మధ్యలో ఇంకోటి చెప్పకపోతే ఇది సపోర్టర్ల భజనలా తయారవుతుంది. జట్టు వెంట సరిహద్దు దాటడం ఎప్పుడూ పాటలతోనే ముగియలేదు. 1985 మే 29న బ్రస్సెల్స్ హీసెల్ స్టేడియంలో లివర్‌పూల్ సపోర్టర్లు మీదికి ఉరికితే గోడ కూలి, తొక్కిసలాటలో 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీ నుంచి వచ్చిన యువెంటస్ జనం. ఇంగ్లండ్ క్లబ్బుల్ని యూరప్ నుంచి ఏళ్ల తరబడి బహిష్కరించారు. ఆ తర్వాత చట్టాలొచ్చాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ నిషేధపు ఉత్తర్వు ఉన్నవాళ్లు విదేశాల్లో పెద్ద మ్యాచ్‌లున్నప్పుడు పాస్‌పోర్టు పోలీసులకి అప్పగించాలి. సత్వంత్ సింగ్‌ని అడిగినట్టే, కాకపోతే ఈసారి చట్టం ప్రకారం, కోర్టు ద్వారా. హీసెల్ ఫొటోలు చూశాక దాన్ని తప్పనడం నా వల్ల కాలేదు. అయితే ఒకటి గమనించాను. ఒక తెల్ల సపోర్టరు పాస్‌పోర్టు లాక్కోవాలంటే అతను ముందు ఏదో చేసి ఉండాలి, అది కోర్టులో తేలాలి. వీసా వరసలో నిలబడ్డవాడు మాత్రం తను ఏమీ చెయ్యబోనని ముందే రుజువు చేసుకోవాలి.

ఫిబ్రవరి 12న ఇక్కడ ఆడిన మ్యాచ్ 2-1తో ఓడిపోయాం. అయినా ఆశ చావలేదు. 18 రాత్రి నేనూ పెద్దాయనా గ్యాలోగేట్ వైపు ఓ పబ్‌లో, టీవీకి దగ్గరగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాం. మ్యూనిక్‌లో మావాళ్లు గ్రూపులో ఫొటోలు పెడుతున్నారు, మంచు, బీరు గ్లాసులు, సాల్జ్‌బర్గ్ రైలు. 63వ నిమిషంలో నికోలస్ క్యూన్ గోల్ కొట్టాడు. “గెమెల్ నిమిషం!” అని పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. నిజమే, 1967లోనూ అదే 63. స్కోరు సమం. అదనపు సమయం ఖాయం అనుకుంటుండగా 94వ నిమిషంలో ఆల్ఫోన్సో డేవీస్ కాలికో మోకాలికో తగిలి బంతి లోపలికి దొర్లింది. అయిపోయింది. మ్యూనిక్‌లో ఉన్నవాళ్లు ఏడ్చారని తర్వాత చెప్పారు. నాకు ఏడుపు రాలేదు. అక్కడ ఉండి ఏడవడానికి కూడా వీసా కావాలి కదా అని ఓ పిచ్చి ఆలోచన వచ్చి, నవ్వు ఆపుకున్నాను.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక మావాళ్లు కూడా ఇప్పుడు ‘ఇతర పాస్‌పోర్టులు’ అన్న వరసలోనే నిలబడుతున్నారు. 2025 అక్టోబరు 12 నుంచి కొత్త పద్ధతి మొదలైంది, సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో. మొదటిసారి ఇచ్చినవాడు గ్రూపులో పెద్ద వ్యాసమే రాశాడు, నేరస్థుల్లా చూస్తున్నారని. నేను ఓ బొటనవేలి బొమ్మ పెట్టాను. వాడికి అర్థం కాలేదు. పెద్దాయనకి అర్థమై, విడిగా నాకు నవ్వే మొహం పంపారు.

ఇప్పుడు మేమిద్దరం ఒక ప్రయాణం వేస్తున్నాం. లిస్బన్‌కి, రెండు రోజులు. మ్యాచ్ ఏమీ లేదు. నగరం బయట జమోర్ లోయలో, చెట్ల మధ్య ఆ స్టేడియం, మెక్‌నీల్ కప్పెత్తిన రాతి వేదిక, అంతే. ఆయనకి మోకాళ్ల లెక్క, నాకు వీసా లెక్క. ఏ తేదీకైనా ఫరవాలేదు కాబట్టి ఈసారి పద్దెనిమిది రోజుల గొడవ లేదు, అపాయింట్‌మెంట్ దొరికాకే టికెట్లు. ఓ వీసా సవ్యంగా వాడి వెనక్కొస్తే తర్వాతిది కాస్త పొడుగ్గా ఇస్తారన్న ఆశ కూడా లేకపోలేదు. 2024 ఏప్రిల్‌లో యూరప్ వాళ్లు భారతీయులకి ఆ విషయంలో వెసులుబాటు ఇచ్చారు, రెండేళ్లు, అయిదేళ్లు చెల్లే వీసాలు. సంబరపడి చదివితే, అది ఇండియాలో ఉండే భారతీయులకట.

నిన్న రాత్రి ఫారం నింపడం మొదలుపెట్టాను. ‘ప్రయాణ ఉద్దేశం’ అన్నచోట గడులున్నాయి. పర్యటన, వ్యాపారం, బంధుమిత్రుల్ని చూడటం, సంస్కృతి, క్రీడలు, ఇంకా ఏవో. క్రీడలు అన్న గడి మీద కాసేపు ఆగాను. ఆడేవాళ్ల కోసం కాబోలు అది. పెద్దాయనకి ఫోన్ చేసి ఏది టిక్కు పెట్టమంటారని అడిగాను.

“మీకు ఇంతకీ గడులెందుకు?” అన్నారు ముందు. తర్వాత, “బంధువులని పెట్టు” అన్నారు.

పర్యటన అని పెట్టాను. కవరింగ్ లెటరు ఇంకా రాయాలి.